ఏ బీరుకు ఏ హాప్? పేరు కన్నా ముందు పని తేల్చుకోవాలి

నేను కాచిన మొదటి గోధుమ బీరు నిజానికి పాడవలేదు. జర్మన్ గోధుమ బీర్లకు వాడే ఈస్ట్ తన పని తాను చక్కగా చేసుకుపోయింది. అరటిపండు, లవంగం కలిసిన వాసన పులుస్తున్న డబ్బా మూత దగ్గరే తెలుస్తోంది. ఊరుకోలేకపోయింది నేనే. అప్పట్లో అందరి నోటా నానుతున్న సిట్రా రకం హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే గుత్తులు) 100 గ్రాములు తెచ్చి, ఆ 20 లీటర్ల బీరులో నాలుగు రోజులు నానబెట్టాను. సీసా మూత తీస్తే మామిడి, లవంగం, అరటి, పంపరపనస ఒకదాని మాట ఒకటి విననివ్వకుండా అరుస్తున్నాయి. రెండో గ్లాసు అడిగినవాళ్లు లేరు. సిట్రా మంచి హాపే, గోధుమ బీరూ మంచి బీరే. ఆ రెంటికీ సంబంధం కుదిర్చిన పెద్దమనిషిదే తప్పు.

ఇంట్లో బీరు కాచడం మొదలుపెట్టిన చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు. హాప్ రకాల జాబితా కొండవీటి చాంతాడంత ఉంటుంది. ఒక్కో పేరు పక్కన నోరూరించే వర్ణన. అది చదివి ముందు హాప్ మీద మనసు పారేసుకుంటాం, తర్వాత దానికోసం బీరు వెతుకుతాం. ఈ వరసను తిరగేయాలని నా అనుభవం. ఈ బీరులో హాప్‌కి ఏ పని అప్పగిస్తున్నాం అన్నది ముందు తేల్చుకుంటే పేరు ఎంచుకోవడం పెద్ద కష్టం కాదు. కొన్నిచోట్ల ఏ పేరైనా ఒకటేనని కూడా తెలిసిపోతుంది. దాంతో సగం టెన్షన్ తగ్గుతుంది.

పొడి ఒకటే, పనులు రెండు

హాప్ ఒక పాకే మొక్క. గంజాయికి దగ్గరి చుట్టం, రెండూ ఒకే కుటుంబానివి. కొన్ని హాప్స్ దగ్గర ఆ జిగురు వాసన తగిలితే ఆశ్చర్యపోనక్కర్లేదు, అయితే మత్తుతో మాత్రం సంబంధం లేదు. బీరుకు పనికొచ్చేవి ఆడమొక్కకు కాసే పచ్చటి గుత్తులు. వాటి రేకులు విప్పి చూస్తే మొదళ్ల దగ్గర పసుపురంగు జిగురు పొడి కనిపిస్తుంది. దాని పేరు లుపులిన్. మనకు కావలసిన సరుకంతా దాదాపు అందులోనే ఉంది.

ఆ పొడిలో ఉన్నవి ముఖ్యంగా రెండు. మొదటివి ఆల్ఫా ఆమ్లాలు. ఇవి పచ్చిగా ఉన్నప్పుడు నీళ్లలో సరిగా కరగవు. మాల్ట్‌ను, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ లాంటి ధాన్యాన్ని, వేడినీళ్లలో నానబెట్టి వడగట్టిన తియ్యటి ద్రవాన్ని వర్ట్ అంటారు. అందులో వేసి మరిగిస్తే ఆ ఆమ్లాల అణువుల అమరిక మారి ఐసో ఆల్ఫా ఆమ్లాలు అవుతాయి. బీరులో మనకు తెలిసే చేదు ప్రధానంగా వీటిదే. రెండోవి నూనెలు. మిర్సీన్, హ్యూములీన్, లినలూల్, జెరానియాల్ లాంటి పేర్లతో వందల రకాలు ఉంటాయి. వాసన వీటిది. చేదుకు మరుగు కావాలి, వాసనకు మరుగే శత్రువు. ఆవిరితో పాటు నూనెలు ఎగిరిపోతాయి.

హాప్ ఎంపికంతా ఈ పేచీ చుట్టూనే తిరుగుతుంది. గంటసేపు మరిగిన హాప్ చేదునిచ్చి వాసన పోగొట్టుకుంటుంది. మంట ఆపే ముందు చివరి 5 నిమిషాల్లో వేసింది కొంచెం చేదు, కాస్త వాసన ఇస్తుంది. పులియడం పూర్తయ్యాక చల్లటి బీరులో నానబెడితే వాసనే వాసన. ఈ చివరి పద్ధతిని డ్రై హాపింగ్ అంటారు. నేను గోధుమ బీరు మీద చేసిన ఘనకార్యం ఇదే.

చేదుకు పేరు అక్కర్లేదు, లెక్క చాలు

బీరు చేదును ఐబీయూలలో కొలుస్తారు. లీటరు బీరులో ఒక మిల్లీగ్రాము ఐసో ఆల్ఫా ఆమ్లం ఉంటే స్థూలంగా ఒక ఐబీయూ. ప్యాకెట్ మీద ఆల్ఫా శాతం రాసి ఉంటుంది కాబట్టి మిగతాది కూడికలు, గుణకారాలే. ఇళ్లలో కాచేవాళ్లు ఎక్కువగా వాడే టిన్‌సెత్ సూత్రం ప్రకారం, 1.050 గ్రావిటీ (నీళ్లతో పోలిస్తే ఎంత చిక్కగా ఉందో చెప్పే అంకె) ఉన్న వర్ట్‌లో గంటసేపు మరిగిస్తే హాప్‌లోని ఆల్ఫాలో 23 శాతం చేదుగా మారుతుంది. 15 నిమిషాలకైతే 11 శాతం, 5 నిమిషాలకు 5 శాతం కూడా రాదు. వర్ట్ చిక్కబడే కొద్దీ ఇంకా తగ్గుతుంది. 1.080 దగ్గర గంట మరిగించినా 18 శాతం లోపే.

ఒక ఉదాహరణ. మాగ్నం అనే జర్మన్ హాప్‌లో ఆల్ఫా 12 శాతం ఉందనుకుందాం. 20 గ్రాములు వేస్తే అందులో 2,400 మిల్లీగ్రాముల ఆల్ఫా ఉంటుంది. అందులో 23 శాతం అంటే 552 మిల్లీగ్రాములు. 20 లీటర్లకు పంచితే సుమారు 28 ఐబీయూ. ఇదే చేదు 3.5 శాతం ఆల్ఫా ఉన్న సాజ్ హాప్‌తో రావాలంటే 69 గ్రాములు కావాలి. గంట మరిగాక ఈ రెంటి వాసనలోనూ మిగిలేది స్వల్పం. అందుకే గంట మరిగించే హాప్‌కి నేను ఆల్ఫా ఎక్కువున్న, శుభ్రమైన చేదునిచ్చే రకం ఒకటి డబ్బాలో ఉంచుకుంటాను. మాగ్నం అయిపోతే అదే తరహాది ఇంకొకటి. పేరు మారిందని గ్లాసులో ఎవరూ కనిపెట్టింది లేదు.

ఆల్ఫా ఆమ్లాల్లో ఒకటైన కోహ్యూములోన్ ఎక్కువున్న హాప్ చేదు గరుకుగా ఉంటుందని ఒక పాత మాట తిరుగుతుంటుంది. దానిమీద ఏకాభిప్రాయం లేదు. నేనైతే పట్టించుకోవడం మానేశాను. అంతకన్నా నిజమైన తేడా ఆకు పరిమాణంతో వస్తుంది. 20 గ్రాములతో అయ్యే పనికి 150 గ్రాములు మరిగిస్తే ఆ పచ్చి ఆకుల వగరు బీరులోకి దిగుతుంది, పైగా బోలెడు వర్ట్‌ను ఆ ముద్ద పీల్చేసుకుంటుంది.

ఐబీయూ అంకె ఒక్కటే చూసి చేదును ఊహించడమూ కుదరదు. 30 ఐబీయూ పల్చటి బీరులో నాలుక మీద నిలబడుతుంది. చిక్కటి, తియ్యటి బీరులో అదే 30 అడ్రస్ లేకుండా పోతుంది. అందుకని ఐబీయూని గ్రావిటీ అంకెలతో భాగించి చూడటం ఒక అలవాటు. 1.050 అంటే 50 అంకెలు. జర్మన్ గోధుమ బీరులో 12ని 50తో భాగిస్తే 0.24 వస్తుంది, అంటే మాల్ట్‌దే పైచేయి. 46 అంకెల జర్మన్ పిల్స్ అనే లేతరంగు బీరులో 35 ఐబీయూ ఉంటే 0.76, చేదు స్పష్టంగా తెలుస్తుంది. హాప్ దండిగా పడే ఐపీఏ (ఇండియా పేల్ ఏల్) బీర్లలో ఇది 1 దగ్గరకు వెళ్తుంది. ఈ లెక్కలో ఒక లొసుగు ఉంది. బెల్జియం తరహా సేజాన్ లాంటి బీర్లలో ఈస్ట్ చక్కెరను దాదాపు చివరిబొట్టు దాకా తినేస్తుంది. తీపి మిగలదు కాబట్టి 25 ఐబీయూ కూడా గట్టిగానే తగులుతుంది.

వాసన దగ్గర పేరే ప్రాణం

ఇక్కడ లెక్కలు పక్కనపెట్టాలి. ఎందుకంటే ప్రతి వాసన వెనకా ఒక నేల, ఒక పాత బీరు ఉన్నాయి. హాప్ వాసన కుదరడమంటే ఆ మాల్ట్‌తో, ఆ ఈస్ట్‌తో పొత్తు కుదరడమే.

పాత యూరప్ హాప్స్‌లో నాలుగింటిని నోబుల్ అంటారు. చెక్ దేశంలోని బొహీమియాలో జాటెత్స్ ప్రాంతపు సాజ్, బవేరియాలోని హాలర్‌టావ్, స్పాల్ట్, దక్షిణ జర్మనీలోని టెట్‌నాంగ్. వీటిలో ఆల్ఫా తక్కువ, 3 నుంచి 5 శాతం. వాసన కూడా మెత్తన: పూలు, ఎండుగడ్డి, లీలగా మిరియాలు. 1842లో ప్లజెన్ పట్టణంలో జోసెఫ్ గ్రోల్ మొదటి పిల్స్‌నర్ కాచినప్పుడు ఆయన చేతిలో ఉన్నవి లేతరంగు మాల్ట్, సాజ్ హాప్స్, లవణాలు దాదాపు లేని ఆ ఊరి మెత్తటి నీళ్లు. ఈ మూడూ ఒకదానికోసం ఒకటి పుట్టినట్టుంటాయి. మెత్తటి నీళ్లలో చేదు కోసుకోదు, అందువల్ల చెక్ పిల్స్‌నర్ 30 నుంచి 45 ఐబీయూ దాకా వెళ్లినా గొంతులో గుండ్రంగా దిగుతుంది. ఇందులో మాత్రం గంట మరిగే హాప్‌ కూడా సాజే వేస్తాను. పైన చెప్పిన లెక్కకు ఇది విరుద్ధమే. కానీ అంత సాజ్ మరిగితే అడుగున ఒక మెత్తటి రుచి మిగులుతుందని నా నాలుక నమ్ముతోంది. ప్రయోగశాల ఏమంటుందన్నది వేరే సంగతి.

ఈ తరహా బీర్లలో దాక్కోవడానికి చోటుండదు. మాల్ట్ లేత, ఈస్ట్ మౌనం, కాబట్టి హాప్‌లో చిన్న లోపమున్నా అద్దంలో మచ్చలా కనిపిస్తుంది. హెలెస్ అనే లేతరంగు జర్మన్ బీరుకి 16 నుంచి 22 ఐబీయూ చాలు, చివర్లో హాలర్‌టావ్ గుప్పెడు కన్నా తక్కువే. గోధుమ బీరుకైతే అదీ వద్దు. ఇప్పుడు నేను 20 లీటర్లకు 4 శాతం ఆల్ఫా ఉన్న హాలర్‌టావ్ 25 గ్రాములు గంటసేపు మరిగించి, తర్వాత ఒక్క రేకు కూడా వేయను. 11, 12 ఐబీయూ వస్తుంది. అరటి, లవంగం మాట్లాడాల్సిన సభలో హాప్ కుర్చీలు సర్దితే చాలు.

ఇంగ్లిష్ హాప్స్ ఇంకో రకం. ఈస్ట్ కెంట్ గోల్డింగ్స్‌లో తేనె, నారింజ తొక్క పోలికలు, ఫగుల్‌లో తడిమట్టి, చెక్క. ఇంగ్లిష్ ఈస్ట్‌లు పండ్ల వాసనలను వదులుతాయి, అక్కడి మాల్ట్‌లో బిస్కెట్, కారమెల్ ఛాయలుంటాయి. వాటి పక్కన గోల్డింగ్స్ ఇంట్లో మనిషిలా ఇమిడిపోతుంది. బిట్టర్, పోర్టర్ అనే ఇంగ్లిష్ బీర్లు కాచేవాళ్లకు ఇంతకన్నా వెతకాల్సిన పనిలేదు. అదే బిట్టర్‌లో అమెరికన్ హాప్ వేస్తే తాగడానికి బాగానే ఉండొచ్చు, కానీ అది బిట్టర్ అనిపించుకోదు, పేల్ ఏల్ అయి కూర్చుంటుంది.

ఆ పేల్ ఏల్ కథ కాస్కేడ్‌తో మొదలైంది. అమెరికాలోని ఒరెగాన్‌లో ప్రభుత్వ పరిశోధనలో భాగంగా పెంచిన ఈ రకానికి ఒక తాత ఇంగ్లిష్ ఫగుల్. అయినా మనవడి గొంతు వేరు: పంపరపనస, దేవదారు జిగురు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని యాంకర్ కంపెనీ 1975లో కాస్కేడ్‌తో లిబర్టీ ఏల్ కాచింది. అప్పటిదాకా హాప్ వాసన అంత బాహాటంగా వినిపించే బీరు అక్కడి వాళ్లకు కొత్త. తర్వాత సెంటెనియల్, చినూక్, కొలంబస్ వచ్చాయి. పేల్ ఏల్‌కి ఇవి చక్కగా సరిపోవడానికి కారణం అక్కడి ఈస్ట్ పెద్దగా నోరు విప్పకపోవడమే. ఖాళీ వేదిక దొరికింది, హాప్ పాడింది.

ఐపీఏలో రెండు దారులు

ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. వెస్ట్ కోస్ట్ ఐపీఏ, హేజీ ఐపీఏ రెండూ హాప్స్ గుమ్మరించే బీర్లే. సిట్రా, సిమ్‌కో, మొజాయిక్ రెంటిలోనూ పడతాయి. మరి తేడా ఎక్కడుంది? ఎప్పుడు వేస్తున్నాం, ఏ నీళ్లలో వేస్తున్నాం అన్న రెండు చోట్ల.

వెస్ట్ కోస్ట్ రకం తేటగా, పొడిగా, చేదుగా ఉండాలి. గంట మరుగులోనే చేదు గట్టిగా పడుతుంది, 60, 70 ఐబీయూ మామూలు. నీళ్లలో సల్ఫేట్ ఎక్కువుంటే చేదు పదునెక్కుతుంది. ఇంగ్లండ్‌లోని బర్టన్ ఊరి నీళ్లలో జిప్సం (కాల్షియం సల్ఫేట్) దండిగా ఉండటం వల్లే అక్కడి పేల్ ఏల్ పేరు మోసింది. ఇంట్లో కూడా చిటికెడు జిప్సం కలిపితే అదే పని జరుగుతుంది. హాప్‌లో జిగురు వాసన ఉన్న చినూక్, సిమ్‌కో, కొలంబస్ ఇక్కడ బలం.

హేజీ రకం దీనికి పూర్తిగా తలకిందులు. ఓట్స్, గోధుమలతో మబ్బులా చిక్కగా, నాలుక మీద మెత్తగా ఉండాలి. అందుకు సల్ఫేట్ తగ్గించి క్లోరైడ్ పెంచుతారు. గంట మరుగులో హాప్ నామమాత్రం. మంట ఆపాక వర్ట్‌ను 80 డిగ్రీల దాకా చల్లార్చి, అప్పుడు హాప్ వేసి 20, 30 నిమిషాలు తిప్పుతూ ఉంచుతారు. ఆ వేడిలో ఆల్ఫా అంతగా మారదు, నూనెలు అంతగా ఎగిరిపోవు. పులిశాక లీటరుకు 8 నుంచి 15 గ్రాముల డ్రై హాపింగ్. సిట్రా, మొజాయిక్, ఆస్ట్రేలియా గెలాక్సీ, న్యూజిలాండ్ నెల్సన్ సావిన్ ఇక్కడ రాజ్యమేలుతాయి. వీటి మామిడి, జామ, తెల్ల ద్రాక్ష వాసనల్లో గంధకం కలిసిన థయాల్స్ అనే పదార్థాలకు పెద్ద పాత్ర ఉంది. లీటరులో కొన్ని పదుల నానోగ్రాములు (నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లో వంతు) ఉన్నా ముక్కు పసిగట్టేస్తుంది. నెల్సన్ సావిన్‌కి ఆ పేరు సావిన్యాన్ బ్లాంక్ ద్రాక్షను తలపించే వాసన వల్లే వచ్చింది.

ఈ హేజీ బీరును మొదటి ప్రయత్నంగా ఎవరికీ సిఫారసు చేయను. అంత హాప్ వేసిన బీరుకు గాలి తగిలితే కొద్ది రోజుల్లోనే మామిడి వాసన పోయి, తడిసిన అట్టముక్క వాసన మిగులుతుంది. రంగు కూడా మట్టిపట్టినట్టు మారుతుంది. ఇంకో ప్రమాదం సీసాల్లో పొంచి ఉంటుంది. హాప్స్‌లో పిండిపదార్థాలను విడగొట్టే ఎంజైములు కొద్దిగా ఉంటాయి. పులియడం అయిపోయిందనుకున్న బీరులో డ్రై హాప్ వేస్తే, ఈస్ట్ తినలేక వదిలేసిన చక్కెరలను అవి ముక్కలు చేస్తాయి. ఈస్ట్ మళ్లీ నిద్రలేస్తుంది. ఆ సమయానికి సీసాల్లో నింపి ఉంటే గ్యాస్ పెరిగి సీసాలు పగలొచ్చు. దీనికి ఇప్పుడు హాప్ క్రీప్ అని పేరు పెట్టారు గానీ, బ్రౌన్, మోరిస్ అనే ఇంగ్లిష్ రసాయన శాస్త్రవేత్తలు 1893లోనే దీన్ని గమనించి రాశారు. డ్రై హాప్ తర్వాత గ్రావిటీని రెండు మూడు రోజులు వరసగా కొలిచి, అది కదలడం లేదని తేలాకే సీసాలు తీయాలి.

హాప్ తగ్గి ఉండాల్సిన చోట్లు

నల్లటి బీరైన స్టౌట్ గురించి చెప్పాల్సింది తక్కువ. మాడ్చిన బార్లీ ముందే చేదు తెచ్చిపెడుతుంది. శుభ్రమైన చేదు హాప్ ఒకటి గంటసేపు మరిగితే పని అయిపోతుంది. వాసన కోసం డబ్బు తగలేయొద్దు.

బెల్జియన్ బీర్లలో ఈస్టే కథానాయకుడు. మిరియాలు, పండ్లు, లవంగం దానివే. అక్కడ సాజ్ గానీ, స్లొవేనియాలో పండే స్టిరియన్ గోల్డింగ్స్ గానీ మర్యాదగా ఉంటాయి. రెండోదాని పేరు చూసి మోసపోకండి, అది గోల్డింగ్స్ కాదు, జన్యుపరంగా ఫగుల్. సేజాన్‌లో మాత్రం కొంచెం చనువు తీసుకోవచ్చు. జపాన్‌లో పుట్టిన సొరాచి ఏస్ నిమ్మ, సోయకూర వాసనతో అందులో బాగా అమరుతుంది. మరో బీరులో అదే హాప్ వేస్తే సోయకూర ఒక్కటే మిగిలిపోతుంది.

పులుపు బీర్లలో హాప్‌తో తంటా వేరు. పులుపు తెచ్చే లాక్టోబాసిల్లస్ లాంటి బ్యాక్టీరియాను హాప్ చేదు అణచివేస్తుంది. హాప్ బీరులోకి వచ్చి స్థిరపడటానికి ఒక పెద్ద కారణమే ఈ నిల్వ గుణం. అందుకని ముందు హాప్ లేకుండా వర్ట్‌ను పులవనిచ్చి, తర్వాత మరిగించి అప్పుడు కావాలంటే హాప్ వేస్తారు. బెల్జియంలో లాంబిక్ అనే పులుపు బీరు కాచేవాళ్లు ఇంకో ఉపాయం చేశారు. రెండు మూడేళ్లు నిలవబెట్టిన హాప్స్ వాడతారు. వాటిలో చేదు, వాసన చాలావరకు పోయినా బ్యాక్టీరియాను అదుపులో పెట్టే శక్తి మిగిలి ఉంటుంది. ఇతర బీర్లకు పనికిరాని ముసలి హాప్ ఇక్కడ సరైన హాప్.

దొరక్కపోతే, పాతబడితే

కావలసిన రకం దొరకనప్పుడు చేదు హాప్ అయితే ఆల్ఫా లెక్క చూసి మార్చేయండి. వాసన హాప్ అయితే అదే కుటుంబంలో వెతకండి. హాలర్‌టావ్ లేకపోతే టెట్‌నాంగ్, కాస్కేడ్ లేకపోతే సెంటెనియల్. రెండోదాంట్లో ఆల్ఫా ఎక్కువ కాబట్టి తూకం తగ్గించాలి. సాజ్ బదులు సిట్రా అంటే మాత్రం బీరు పేరే మార్చుకోవాలి.

ప్యాకెట్ మీద పంట ఏడాది చూడటం రకం పేరు చూడటమంత ముఖ్యం. గాలి, వేడి తగిలితే ఆల్ఫా తగ్గిపోతుంది, నూనెలు చెడతాయి. గాలి తీసేసిన ప్యాకెట్‌లో, ఫ్రీజర్‌లో ఉంచితే చాలాకాలం నిలుస్తుంది. విప్పాక రెండు గుళికలు అరచేతిలో నలిపి వాసన చూడండి. చీజ్ వాసన గానీ, చెమట పట్టిన సాక్సు వాసన గానీ వస్తే అది లాంబిక్ వాళ్లకు ఇచ్చేయాల్సిన సరుకు. తయారైన బీరునూ వెలుతురులో పెట్టొద్దు. ఐసో ఆల్ఫా ఆమ్లాలు వెలుగు తగిలి విరిగితే ముక్కు మూసుకునే వాసన పుడుతుంది, అందుకే ముదురు గోధుమరంగు సీసాలు. వడగట్టిన హాప్ ముద్దను కుక్కలకు అందకుండా పారేయండి. అవి తింటే ఒంట్లో వేడి ప్రమాదకరంగా పెరిగి ప్రాణం మీదికి వస్తుంది.

కొత్త రకం హాప్ తెచ్చుకున్నప్పుడు నేను 20 లీటర్లు ఒకేసారి పణంగా పెట్టను. మామూలు పేల్ ఏల్ ఒకటి మాగ్నం చేదుతో కాచి, పులిశాక ఐదేసి లీటర్ల నాలుగు జాడీల్లోకి గాలి తగలకుండా పంచుతాను. మూడు జాడీల్లో ఒక్కోదాంట్లో ఒక్కో హాప్ 20 గ్రాములు. నాలుగో జాడీలో ఏమీ వేయను. చాలాసార్లు ముందు ఖాళీ అయ్యేది ఆ నాలుగో జాడీయే.